లూప్ రికార్డరులో కనిపించిన విరామాలు: నా అనుభవం

కారణం తెలియకుండా స్పృహ తప్పి పడిపోతున్న నాకు నల్లగొండలో తీసిన ఈసీజీల్లోనూ, 24 గంటలూ ఒంటికి తగిలించుకుని ఈసీజీ నమోదు చేసే హోల్టరులోనూ ఏ తేడా కనిపించకపోవడంతో, హైదరాబాదులోని కార్డియాలజిస్టు, గుండె లయను నెలల తరబడి గమనిస్తూ తేడాలను నమోదు చేసే లూప్ రికార్డరు అమర్చారు. ఈ చిన్న పరికరం నుంచి గుండెలోకి తీగలేవీ వెళ్లవు. రొమ్ము ఎముకకు ఎడమపక్కన, నాలుగో పక్కటెముకల సందు దగ్గర, చర్మం కిందనే ఉంటుంది. దాని రెండు కొసల్లోని ఎలక్ట్రోడ్ల మధ్య దూరం సుమారు 4 సెంటీమీటర్లే కనుక అది పట్టే ఈసీజీ సహజంగానే చిన్నగా ఉంటుంది. కుట్టు వేసే ముందే డాక్టరుగారు తెర మీద ఆర్ తరంగం (గుండె కిందిగదులు కొట్టుకునేటప్పుడు ఈసీజీలో లేచే మొన) ఎత్తు చూసి, 0.2 మిల్లీవోల్టులకు పైగా ఉందని నిర్ధారించుకున్నారు.

కొన్ని వారాలకు, రాత్రివేళల్లో గుండె 3 సెకన్లకు పైగా ఆగినట్టు నమోదవుతోందని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇలాంటప్పుడు ఆ ఈసీజీ పట్టీ చూపించమని అడగడమే మేలని నా అభిప్రాయం. టెక్నీషియన్ చూపించిన పట్టీలో, ఆగిందన్న చోట గీత చదునుగా లేదు; ఆర్ తరంగాలు క్రమంగా కురచబడి, పరికరం లెక్కించలేనంత చిన్నవై, అయినా అదే ఎడంతో వస్తూనే ఉన్నాయి. ఆయన నన్ను వెల్లకిలా, కుడివైపు, ఎడమవైపు పడుకోబెట్టి, ఆపైన కూర్చోబెట్టి చూస్తే, ఎడమవైపు ఒత్తిగిలినప్పుడే తరంగం దాదాపు సగానికి పడిపోయింది. భంగిమ మారితే ఛాతీలో గుండె కొంత జరుగుతుంది. చర్మం కింద చేసిన సంచి వదులుగా ఉంటే పరికరమూ కదులుతుంది. కొవ్వు మందం, కొత్తలో పరికరం చుట్టూ చిక్కుకున్న గాలి కూడా సంకేతాన్ని తగ్గిస్తాయట.

అలాగని సెన్సిటివిటీని, అంటే చిన్న తరంగాలను కూడా పరికరం గుర్తించే శక్తిని, ఇష్టం వచ్చినంత పెంచడానికి వీల్లేదు. అరచేతులు రెండూ ఒకదానికొకటి గట్టిగా ఒత్తి పట్టమన్నప్పుడు ఛాతీ కండరాల విద్యుత్తు తెర మీద గరిక మొలిచినట్టు కనిపించింది. మరీ పెంచితే, వడ్ల బస్తా ఎత్తినా గుండె పరుగెత్తినట్టు రాసుకుంటుంది. ఈ రెంటికీ మధ్యస్థంగా సరిచేశారు.

దేవరకొండ వైపు మా ఊళ్లో టవరు సరిగా అందక, మంచం పక్కన పెట్టిన ట్రాన్స్‌మిటర్ కొన్ని రాత్రులు సమాచారం పంపేది కాదు కానీ, అది వేరే సంగతి. నమోదైనది పరికరంలోనే ఉంటుంది, కాకపోతే మెమరీ నిండితే పాతవి చెరిగిపోతాయి.

సరిచేశాక దొంగ విరామాలు బాగా తగ్గాయి. ఆ తర్వాత నేను నిజంగానే పడిపోయిన రోజు నమోదులో, చిన్నవే అయినా పీ తరంగాలు (గుండె పైగదుల విద్యుత్తుకు గుర్తులు) వరుసగా ఉన్నాయి, వాటి వెనుక రావలసిన ఆర్ తరంగాలు మాత్రం లేవు. గుండె పైగదుల నుంచి కిందిగదులకు విద్యుత్తు అందడం లేదని తేల్చి, పేస్‌మేకర్ పెట్టాలని నిర్ణయించారు.