వడ్డీ ముందా, దశమభాగం ముందా

దుబాయిలో మా తెలుగు క్రైస్తవ సహవాసంలో, సంపాదనలో పదో వంతు దేవుడికి ఇవ్వాలనే దశమభాగం మీద ప్రసంగం మొదలైతే ముందుగా తలలు వంగేది వెనుక బెంచీల్లోనే. పిసినారితనం వల్ల కాదు. అక్కడ కూర్చునేది జగిత్యాల, సిరిసిల్ల, పరకాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు, ఏసీ మెకానిక్కులు. చేతికి రాకముందే ఖర్చయిపోయే జీతాలు వాళ్లవి.

నా లెక్కే చెబుతాను. వచ్చిన కొత్తలో జీతం 1,300 దిర్హాములు. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పు 1,20,000 రూపాయలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. అంటే నెలకు 3,600 రూపాయలు, అప్పటి రేటుకు 160 దిర్హాములు. దేవుడికి ఇవ్వమన్నది 130. షావుకారు దేవుడి కంటే ఎక్కువే పట్టుకుపోతున్నాడు. అయినా దేవుని సొమ్ము దొంగిలించవద్దని బైబిల్లోని మలాకీ 3వ అధ్యాయం ప్రతి ఏడాదీ వినిపిస్తారు గానీ, నెహెమ్యా 5వ అధ్యాయం వైపు ఎవరూ పోరు. సాటివాళ్లకు అప్పులిచ్చి నూటికి ఒక వంతు గుంజుకున్నందుకు పెద్దమనుషులను నెహెమ్యా నిలబెట్టి గద్దించింది అక్కడే.

ద్వితీయోపదేశ కాండం 14వ అధ్యాయానిదీ అదే గతి. ఆ దశమభాగం పొలం పంట మీద. మూడేళ్లకొకసారి దాన్ని ఊళ్లోనే ఉంచి గుడి సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు కడుపునిండా పెట్టమన్నారు. భూమి ఉన్నవాడు ఇవ్వాలి, లేనివాడు తినాలి. మా తాతలకు గుంట భూమి లేదు, మేమేమో ఇక్కడ పరదేశులం. ఆ లెక్కన మేము ఏ వరుసలో నిలబడాలో ఎవరైనా చెబితే బాగుండును.

ఇవ్వడం మాకు చేతకాదని కాదు. అమ్మ డోర్నకల్ డయాసిస్ (చర్చిల మండలం) పల్లెలో పుట్టింది. అన్నం వండే ప్రతిసారీ బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన చిన్న కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు పిడికిలి చిన్నదయ్యేది, అంతే. దానికి రిజిస్టరు లేదు. కోత పండుగ నాడు గుడి ముందు కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేస్తే, పది రూపాయల గుమ్మడికాయను పంతానికి యాభైకి పాడినవాళ్లే మా ఊళ్లో నవ్వుతూ ఇంటికి వెళ్లేవారు.

ఇక్కడ కవరు ఇస్తారు. దాని మీద పేరు, పన్నెండు నెలల గళ్లు. నింపిన నెలకు కోశాధికారి టిక్కు పెడతాడు. కానుక సంచి మా వరుసకు వచ్చినప్పుడు ఐదు దిర్హాముల నోటును నాలుగు మడతలు పెట్టి, వేళ్లలో దాచి, మణికట్టు దాకా లోపలికి పెట్టి వదిలేవాళ్లను చూస్తుంటాను. ఆ వెంటనే ఎవరో ఒకరు లేచి, దశమభాగం మొదలుపెట్టాక తనకు ప్రమోషన్ వచ్చిందని సాక్ష్యం చెబుతారు. ఆయన ఆఫీసులో పని చేస్తారు, కుటుంబంతో ఉంటారు. ఆయన విశ్వాసాన్ని నేను శంకించను. ఆ మాట విన్న మేస్త్రీకి మాత్రం తన జీతం ఆలస్యమైంది తన పాపం వల్లేనేమో అనిపిస్తుంది. కంపెనీ చేసిన అన్యాయానికి దేవుణ్ణి బాధ్యుణ్ణి చేయడం నాకు నచ్చదు.

మా గదిలో ఒక తమ్ముడికి జీతం ఆగిపోయినప్పుడు మెస్సు డబ్బులు మిగతావాళ్లమే పంచుకున్నాం. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం ఈ దేశంలో నేరం, 2021లో దానికి చట్టమే తెచ్చారు. కాబట్టి చందా అనలేదు, అతని కంచంలో అన్నం పెట్టాం. అది దశమభాగం కింద వస్తుందా అని పెద్దన్న ఒకాయనను అడిగితే, "అది వేరు తమ్ముడూ, మందిరపు నిధి వేరు" అన్నారు.

ఆ నిధి ఏ మందిరానిదన్నది ఇంకో చిక్కు. ఊళ్లో పాస్టరు అయ్యగారు ఫోను చేసి, గుడి పైకప్పు కారుతోంది, సొంత సంఘాన్ని మరవవద్దంటారు. ఇక్కడివాళ్లు ఎక్కడ ఆత్మీయాహారం తింటే అక్కడే ఇవ్వాలంటారు. ఇద్దరూ మలాకీనే చూపిస్తారు. అప్పు తీరాక ఈ సంగతి ఊళ్లో ఉన్న మా ఆవిడ తేల్చేసింది: "అమ్మకు జ్వరమొస్తే అర్ధరాత్రి వచ్చి ప్రార్థన చేసేది ఈ అయ్యగారే కదండీ, ఇక్కడే ఇద్దాం." నెల నెలా తనే వెళ్లి ఇచ్చి వస్తుంది. దుబాయి సంచిలో నేను చేతికందిన నోటు వేస్తాను. కవరు మీది గళ్లన్నీ ఖాళీ. కోశాధికారి నన్ను ఇంకా "విశ్వాసంలో ఎదగవలసినవాళ్ల" జాబితాలోనే ఉంచాడట.