పందిరి పీకి మళ్లీ వేయడం: ఇంట్లో కైండ్ క్లస్టర్ చిట్టా

కుబర్నెటీస్ అంటే కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రాములను ఒక యంత్రాల గుంపు (క్లస్టర్) మీద నడిపించే వ్యవస్థ. దాన్ని ఒక్క యంత్రం మీదే నడిపే పనిముట్టు కైండ్. ఈ శనివారం దాని 0.31.0కి మారాను. మారడం అంటే ఉన్న క్లస్టర్‌ను పీకేసి కొత్తది వేయడమే. నడుస్తున్న క్లస్టర్‌ను ఉన్నచోటే పై వెర్షన్‌కు తీసుకుపోయే ఆదేశం కైండ్‌లో లేదు. పెళ్లయ్యాక పందిరి విప్పినట్టు విప్పాలి, ఇంకో పెళ్లికి మళ్లీ గుంజలు పాతాలి. సుమారు రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కనుక, ఏ విడుదల దగ్గర ఏది విరిగిందో, దాన్ని ఎలా నిలబెట్టానో ఒకచోట రాసి పెట్టుకుంటున్నాను.

కైండ్ అన్నది ‘కుబర్నెటీస్ ఇన్ డాకర్’ అన్న పేరుకు పొట్టి రూపం. కిటుకంతా ఆ పేరులోనే ఉంది. మామూలు క్లస్టర్‌లో ఒక్కో నోడ్ ఒక్కో యంత్రం. ఇక్కడ ఒక్కో నోడ్ ఒక డాకర్ కంటైనర్, అంటే అదే యంత్రంలో విడిగా నడిచే ఒక పెట్టె. దాని లోపల సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీ లేస్తుంది, అది కంటైనర్లను నడిపే కంటైనర్‌డీని, నోడ్‌ను చూసుకునే కుబ్‌లెట్‌ను లేపుతుంది, కుబ్‌ఏడీఎమ్ వచ్చి అన్నిటినీ క్లస్టర్‌గా కూర్చిపెడుతుంది. మన ప్రోగ్రాములుండే పాడ్లు ఆ కంటైనర్ కడుపులో ఇంకా చిన్న కంటైనర్లుగా నడుస్తాయి. కుబర్నెటీస్ తయారుచేసేవాళ్లు తమ కోడ్‌ను తామే పరీక్షించుకోవడానికి పుట్టించిన పనిముట్టు ఇది. పరీక్ష అయ్యాక పారేయడం దాని పుట్టుకలోనే ఉంది. యంత్రం ఆపి మళ్లీ వేస్తే క్లస్టర్ తిరిగి లేవడం కూడా 2020లో వచ్చిన 0.8.0తోనే సాధ్యమైంది. కరెంటు పోయే ఊళ్లో ఉన్నవాడికి అది చిన్న సౌకర్యం కాదు.

నా యంత్రం ఎనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్. మెమరీ 16 జీబీ. తెర కీలు విరిగింది కనుక మూత తీయను, ఇన్వర్టర్ పక్కన అరలో పడి ఉంటుంది. దానిపై నడిచేది నాన్నగారి పుస్తకాల జాబితా: ఒక వెబ్ పేజీ, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రాత్రిపూట నకలు తీసే చిన్న జాబ్. ఈ మూడింటికి కుబర్నెటీస్ దేనికి అంటే నా దగ్గర జవాబు లేదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కానీ అస్త్రం పట్టడం నేర్చుకోవాలన్నదే నా సరదా, పిచ్చుకకు ఏమీ కాకుండా చూసుకుంటే చాలు.

మొదటిసారి పిచ్చుకకు అయింది. 2024 మొదట్లో 0.22.0కి మారుతూ పాత క్లస్టర్‌ను తీసేశాను. కొత్తది ఒకటిన్నర నిమిషంలో లేచింది, పేజీ తెరుచుకుంది, జాబితా ఖాళీ. కాసేపటికి నాన్నగారు ఫోను పట్టుకుని వచ్చి, ‘ఏరా, నా పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చేశావా?’ అన్నారు. కైండ్ తనతో తెచ్చే ‘స్టాండర్డ్’ అనే స్టోరేజ్ తరగతి డేటాను నోడ్ కంటైనర్ లోపలే, వార్ కింద లోకల్ పాత్ ప్రొవిజనర్ అనే డైరెక్టరీలో దాస్తుంది. నోడ్ పోతే అదీ పోతుంది. అప్పటికి ఎక్కించినవి నాలుగు అరల పుస్తకాలే కాబట్టి బతికిపోయాను.

దీనికి అందరూ చెప్పే మందు, కాన్ఫిగ్ ఫైలులో ‘ఎక్స్‌ట్రా మౌంట్స్’ కింద ల్యాప్‌టాప్‌లోని ఒక డైరెక్టరీని నోడ్ లోపలికి తగిలించడం. తగిలించాను. మరుసటిసారి క్లస్టర్ పీకి వేస్తే మళ్లీ ఖాళీ. ఈసారి డేటా డిస్కు మీద భద్రంగానే ఉంది, కానీ డేటాకు చోటు కేటాయించే ప్రొవిజనర్, ప్రతి క్లెయిమ్‌కూ (చోటు కావాలని పెట్టే అర్జీకి) ఒక పొడవాటి కొత్త గుర్తింపు సంఖ్యతో కొత్త డైరెక్టరీ తెరుస్తుంది. పాత డైరెక్టరీ పక్కనే ఉన్నా దాని ముఖం చూడదు. అందుకని ప్రొవిజనర్‌ను పక్కనపెట్టి, పర్సిస్టెంట్ వాల్యూమ్‌ను (డేటా నిలిచే చోటు) నేనే చేత్తో రాశాను: హోస్ట్ పాత్ రకం, మారని ఒకే దారి, రీక్లెయిమ్ పాలసీ ‘రిటెయిన్’, అంటే క్లెయిమ్ పోయినా డేటాను ఉంచు. క్లెయిమ్‌లో స్టోరేజ్ తరగతి పేరును ఖాళీ కోట్లతో ఇచ్చి, వాల్యూమ్ పేరు నేరుగా చెప్పాలి. ఆ ఖాళీ కోట్లు మరిచిపోతే డిఫాల్ట్ తరగతి వచ్చి మధ్యలో దూరుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పీకినా పుస్తకం పోలేదు.

2024 సెప్టెంబరు. 0.24.0, లోపల కుబర్నెటీస్ 1.31.0.

ఈ విడుదల నా పాత అబద్ధాన్ని బయటపెట్టింది. అంతకుముందు ఏడాదే, ఏ పాడ్ ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే నెట్‌వర్క్ పాలసీలు నేర్చుకుంటూ, డేటాబేస్ దగ్గరికి వెబ్ పాడ్ తప్ప ఇంకెవరూ రాకూడదని ఒక పాలసీ రాసి పెట్టాను. వేసినప్పుడు ఏ తప్పూ చూపలేదు, అంతా నడిచింది, నాకు వచ్చేసిందనుకున్నాను. నిజానికి కైండ్ వెంట వచ్చే కైండ్‌నెట్ అనే నెట్‌వర్క్ భాగం అప్పట్లో పాలసీలను పట్టించుకునేదే కాదు. క్లస్టర్‌కు వచ్చే ఆదేశాలు అందుకునే ఏపీఐ సర్వర్ కాగితం తీసుకుని దాచుకునేది, అమలుచేసే బంట్రోతు లేడు. 0.24.0తో కైండ్‌నెట్ వాటిని అమలుచేయడం మొదలుపెట్టింది. వెంటనే వెబ్ పేజీ డేటాబేస్‌ను చేరలేకపోయింది.

ఆ పాలసీలో తప్పులు రెండు. ఒకటి, లేబుల్‌లో నేను రాసిన పేరు పాడ్ మీద ఉన్న పేరుతో కలవలేదు. రెండోది అందరూ పడే గోతే: బయటికి వెళ్లే దారులన్నీ మూసినప్పుడు పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ దారి కూడా మూసేశాను. 53వ పోర్టును యూడీపీకీ టీసీపీకీ రెండింటికీ తెరవకపోతే, పాడ్‌కు డేటాబేస్ సర్వీస్ పేరు చిరునామాగా మారదు. లాగ్‌లో కనిపించేది మాత్రం ‘కనెక్షన్ సమయం మించింది’ అన్న ముక్కే. నాకు ఒక సాయంత్రం పట్టింది. కొన్నాళ్ల క్రితం కైండ్‌లో పాలసీ రాసి ‘పనిచేస్తోంది’ అని వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే, అది ఆపాల్సినవాళ్లను ఆపుతోందా అని ఒక ఖాళీ పాడ్ నుంచి తట్టి చూడండి.

2025 మార్చి. 0.27.0.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే, తప్పంతా విడుదల పత్రం చదవని నాదే. ఫిబ్రవరిలో వచ్చిన ఈ విడుదలతో నోడ్ ఇమేజ్ (నోడ్ కంటైనర్‌ను పోసే అచ్చు) లోపలి కంటైనర్‌డీ 2 శ్రేణికి మారింది. నేను తెలివిగా పనిముట్టును 0.26.0 దగ్గరే ఉంచి, కాన్ఫిగ్ ఫైలులో నోడ్ ఇమేజ్ వెర్షన్ ఒక్కటే 1.32.2 అని మార్చాను. క్లస్టర్ లేచింది. నా వెబ్ ఇమేజ్‌ను లోడ్ చేయబోతే ‘స్నాప్‌షాటర్‌ను గుర్తించలేకపోయాను’ అని నిరాకరించింది. పాత కైండ్ లోడ్ ఆదేశం కంటైనర్‌డీ సెట్టింగులను పాత చోట వెతుకుతోంది, కొత్త ఇమేజ్‌లో అవి అక్కడ లేవు. కైండ్ ప్రతి విడుదల పత్రంలోనూ ఆ విడుదలకు కట్టిన ఇమేజ్‌ల పట్టిక, ఒక్కోదాన్ని కచ్చితంగా గుర్తించే షా256 సంఖ్యతో సహా ఇస్తారు, ఆ సంఖ్యతోనే వాడమని చెబుతారు. అది అలంకారానికి ఇచ్చింది కాదని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నా ఫైలులో ఇమేజ్ పేరు పక్కన పొడవాటి సంఖ్య తోకలా వేలాడుతూ ఉంటుంది.

సరే అని పనిముట్టును కూడా 0.27.0 చేశాను. ఈసారి అసలు క్లస్టరే లేవలేదు. టెర్మినల్‌లో నోడ్లు సిద్ధం అని ఒక టిక్కు, కాన్ఫిగ్ రాశాను అని ఇంకో టిక్కు, ‘కంట్రోల్ ప్లేన్ మొదలుపెడుతున్నాను’ దగ్గర చిన్న జాయ్‌స్టిక్ బొమ్మ, దాని పక్కన తిరుగుతున్న చుక్కలు. టీ పెట్టుకుని వచ్చేసరికి ఎర్ర ఇంటూ గుర్తు. విఫలమైతే కైండ్ తను వేసిన నోడ్లను తనే ఊడ్చేస్తుంది, అంటే శవపరీక్షకు శవం ఉండదు. ఆదేశానికి ‘రిటెయిన్’ జెండా (ఫ్లాగ్) తగిలించి మళ్లీ క్రియేట్ చేసి, నోడ్ మిగిలాక ‘ఎక్స్‌పోర్ట్ లాగ్స్’ ఆదేశంతో లాగ్‌లన్నీ ఒక డైరెక్టరీలోకి తెచ్చుకున్నాను. కంటైనర్‌డీ లాగ్‌లో ఉంది కారణం: కాన్ఫిగ్ పాత్ ఇచ్చినచోట మిర్రర్స్ పెట్టకూడదు.

మిర్రర్ అంటే ఇమేజ్‌లను అసలు చోటు బదులు తెచ్చుకునే ఇంకో చోటు. నా మిర్రర్ కథ ఇది. క్లస్టర్ పీకిన ప్రతిసారీ నోడ్లలో దాచిన ఇమేజ్‌లన్నీ పోతాయి. పైగా ఒక్కో నోడ్‌కు ఒక్కో కంటైనర్‌డీ, కాబట్టి మూడు నోడ్లుంటే ఒకే ఇమేజ్ మూడుసార్లు దిగుతుంది. ఖాతా లేకుండా దించుకునేవాళ్లకు పబ్లిక్ రిజిస్ట్రీల్లో (ఇమేజ్‌లు పంచే సర్వర్లలో) పరిమితి ఉంటుంది, ఆదివారం మూడుసార్లు పీకి వేస్తే ఆ గీత దగ్గరికి వచ్చేస్తాం. అందుకని క్లస్టర్ బయట ఒక రిజిస్ట్రీ కంటైనర్‌ను కాష్‌గా నడుపుతున్నాను. దానికి ప్రాక్సీ రిమోట్ యూఆర్ఎల్ అన్న ఒక్క ఎన్విరాన్‌మెంట్ విలువ ఇస్తే, అడిగిన ఇమేజ్‌ను ఒకసారి తెచ్చి దాచుకుంటుంది. దాన్ని ‘కైండ్’ అనే పేరున్న డాకర్ నెట్‌వర్క్‌కు కలిపితే నోడ్లు దాన్ని పేరుతోనే పిలవగలవు.

ఆ కాష్ చిరునామాను నేను పాత పద్ధతిలో, కాన్ఫిగ్ ఫైలులో కంటైనర్‌డీ ప్యాచ్‌గా అతికించాను. 0.27.0 నుంచి ఇమేజ్‌లలో, రిజిస్ట్రీ సెట్టింగులున్న డైరెక్టరీని చూపే కాన్ఫిగ్ పాత్ ముందే పెట్టి వస్తోంది, రెండూ కలిసేసరికి కంటైనర్‌డీ అలిగింది. ప్యాచ్ మొత్తం కొట్టేశాను. దాని బదులు ఈటీసీలో కంటైనర్‌డీ కింద ఉండే సర్ట్స్ డీ డైరెక్టరీలో, రిజిస్ట్రీ పేరుతో ఒక ఉపడైరెక్టరీ, అందులో హోస్ట్స్ టామల్ అనే చిన్న ఫైలు. అసలు సర్వర్ ఒక పంక్తి, కాష్ చిరునామా ఇంకో పంక్తి, అంతే. చాలామంది నోడ్లు లేచాక ఒక్కో నోడ్‌లోకి దూరి ఈ ఫైలు రాసే స్క్రిప్టు పెడతారు. నేను ల్యాప్‌టాప్‌లోని డైరెక్టరీనే ఎక్స్‌ట్రా మౌంట్‌గా మూడు నోడ్లకూ తగిలించాను, స్క్రిప్టు బెడద పోయింది.

మూడో నోడ్ వేసిన రోజు జరిగింది కూడా ఇక్కడే రాసేస్తాను. కొన్ని పాడ్లు లేచి పడి, లేచి పడి, ‘తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి’ అన్నాయి. ఇది ఫైళ్ల గొడవ కాదు, లినక్స్‌లో ఫైళ్ల మార్పులను గమనించే ఐనోటిఫైకి ఉన్న పరిమితి. నోడ్లన్నీ ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి కదా. మాక్స్ యూజర్ వాచెస్ 524288కి, మాక్స్ యూజర్ ఇన్‌స్టాన్సెస్ 512కి పెంచి, సిస్‌కంట్రోల్ ఫైలులో శాశ్వతంగా రాయాలి. కైండ్ వాళ్ల తెలిసిన సమస్యల జాబితాలో ఈ అంకెలే ఉన్నాయి.

కుబర్నెటీస్ 1.33, 1.34 ఇమేజ్‌లు ఏ గొడవా లేకుండా వచ్చి వెళ్లాయి.

ఇక ఈ శనివారం సంగతి. 0.31.0 2025 డిసెంబరులో వచ్చింది, లోపల కుబర్నెటీస్ 1.35.0. ఈసారి విడుదల పత్రం ముందు చదివాను, బుద్ధొచ్చింది. అందులో పెద్ద హెచ్చరిక, ప్రోగ్రాములకు మెమరీ, సీపీయూ పంచే లినక్స్ సీగ్రూప్ పాత పద్ధతి గురించి. 1.31లోనే దాన్ని మరమ్మతులకు మాత్రమే పరిమితం చేశారు, ఇప్పుడు కుబర్నెటీస్ దాన్ని వదిలించుకునే దారిలో ఉంది. నా ల్యాప్‌టాప్ ఏ పద్ధతిలో ఉందో తెలుసుకోవడానికి ఒక్క ఆదేశం చాలు: సిస్, ఎఫ్ఎస్, సీగ్రూప్ డైరెక్టరీ ఏ రకం ఫైల్ సిస్టమో స్టాట్‌ను అడగడం. సీగ్రూప్2ఎఫ్ఎస్ అంటే కొత్తది. నాకు వచ్చింది టీఎంపీఎఫ్ఎస్, అంటే పాతది. ఉబుంటు 20.04ను ఇన్నేళ్లు కదపకుండా ఉంచిన ఫలితం. దాని మామూలు మద్దతు కూడా 2025 మేతోనే ముగిసింది. శుక్రవారం రాత్రి 22.04కి పెంచి, ఆ తర్వాతే కైండ్ జోలికి వెళ్లాను.

రెండో హెచ్చరిక చిన్నది. ముందు ముందు కుబ్‌ఏడీఎమ్ కాన్ఫిగ్ వీ1బీటా4కి మారుతుందట, అందులో అదనపు ఆర్గ్యుమెంట్లను మ్యాప్‌గా కాక వరుస జాబితాగా రాయాలి. నేను నోడ్‌కు ఒక లేబుల్ తగిలించడం కోసమే ఒక ప్యాచ్ మోస్తున్నాను. కైండ్ కాన్ఫిగ్‌లో నోడ్ కిందే ‘లేబుల్స్’ అని నేరుగా రాసే వీలుంది కాబట్టి ఆ ఆరు పంక్తుల ప్యాచ్‌ను తీసేశాను. రెండేళ్లలో నా కాన్ఫిగ్ ఫైలు పెరగకపోగా చిక్కింది.

కూల్చడం, వేయడం, ఇమేజ్ ఎక్కించడం, పుస్తకాలు కనిపించడం, అన్నీ కలిపి ఏడు నిమిషాలు. చివర్లో కైండ్ ‘ఈ రోజు బాగా గడవాలి’ అని చెయ్యూపే బొమ్మతో వీడ్కోలు చెప్పింది.

మిగిలింది ఇన్‌గ్రెస్, అంటే బయటి నుంచి వచ్చేవాళ్లకు లోపలి సర్వీస్ దాకా దారి చూపే భాగం. ఇంతకాలం ఇన్‌గ్రెస్ ఎన్‌జిన్‌ఎక్స్ వాడాను. దాన్ని విశ్రాంతికి పంపుతున్నట్టు 2025 నవంబరులో కుబర్నెటీస్ వాళ్లు ప్రకటించారు, 2026 మార్చి దాకా మాత్రమే చేతనైనంత మరమ్మతు. బదులుగా క్లౌడ్ ప్రొవైడర్ కైండ్ అనే తోడు పనిముట్టును పరీక్షించాను. ల్యాప్‌టాప్ మీద పక్కన నడుస్తూ, లోడ్ బ్యాలెన్సర్ రకం సర్వీస్ కనబడగానే రాకపోకలను మళ్లించే ఒక ఎన్వాయ్ కంటైనర్ నిలబెట్టి ఆ సర్వీస్‌కు చిరునామా ఇస్తుంది, ఇన్‌గ్రెస్ తర్వాతి తరం పద్ధతి అయిన గేట్‌వే ఏపీఐ కూడా ఈ పనిముట్టుకు తెలుసు. ల్యాప్‌టాప్‌లో కర్ల్ అనే ఆదేశంతో అడిగితే పేజీ వచ్చింది. నాన్నగారి ఫోన్లో రాలేదు. ఆ చిరునామా డాకర్ లోపలి నెట్‌వర్క్‌ది, ఇంటి వైఫైకి దాని ఉనికే తెలియదు. పోర్టును బయటికి తెచ్చే జెండా ఉంది కానీ ఏ సంఖ్య ఇస్తుందో దాని ఇష్టం. ఆయనకు వారానికో సంఖ్య చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆలోచిస్తే నాకున్నది ఒక్క పేజీ, దానికి దారి చూపే ద్వారపాలకుడు దేనికి? సర్వీస్‌ను నోడ్ పోర్టు రకంగా మార్చి, 30080 అని ఖరారు చేసి, ఎక్స్‌ట్రా పోర్ట్ మ్యాపింగ్స్‌లో దాన్ని ల్యాప్‌టాప్ 80వ పోర్టుకు కలిపితే సరిపోతుంది. కాన్ఫిగ్‌లో రాసి ఉంచాను. పోర్టు మ్యాపింగ్ మాత్రం క్లస్టర్ పుట్టేటప్పుడే ఇవ్వాలి, తర్వాత చేర్చడం కుదరదు. కాబట్టి మొన్ననే వేసిన పందిరిని వచ్చే ఆదివారం మళ్లీ పీకాలి.