కోణమానినికి చిక్కిన కుడిచెయ్యి

నవంబరు వానకు మేడమీది బట్టలు తెద్దామని పరుగెత్తి, పాచి మీద కాలు జారి, కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు బోర్లించిన గరిటెలా వంగిపోయింది.

"పుత్తూరు కట్టు వేయించుకో తల్లీ, నెలలో సరిపోతుంది" అంది పిన్ని. మద్రాసులో ఆ బోర్డు లేని పేట ఎక్కడుంది గనుక! పిన్నికి ఆ ఊరి పేరు వింటేనే సగం నొప్పి తగ్గుతుంది. కానీ సీటీ స్కాన్‌లో ఎముక కొస అయిదు ముక్కలై, పగులు కీలు లోపలిదాకా పాకినట్టు కనిపించింది. కీలు నున్నగా అతక్కపోతే తరవాత అరిగిపోతుందన్నారు డాక్టరు. టైటానియం ప్లేటు, తొమ్మిది స్క్రూలు బిగించారు.

ఎముక అతికింది. ముంజేయి మాత్రం తిరగనంది. అందులో రెండు ఎముకలు ఉంటాయి, రత్ని, అరత్ని. అరచెయ్యి బోర్లిస్తే రత్ని అరత్ని మీదికి అడ్డంగా వస్తుంది, వెల్లకిలా తిప్పితే పక్కకు సర్దుకుంటుంది. నాది సర్దుకోలేదు. అరచెయ్యి ఆకాశం వైపు తిరగకపోతే ఎన్ని పనులు ఆగుతాయో అప్పుడు తెలిసింది. కండక్టరు ఇచ్చిన చిల్లర వేళ్ళ సందుల్లోంచి జారింది. పప్పన్నం ముద్ద నోటిదాకా రాలేదు, నోరే ముద్ద దగ్గరికి వెళ్ళింది.

అన్నిటికంటే ఇబ్బంది పడ్డది టి.నగర్ వెంకటనారాయణ రోడ్డులోని దేవస్థానం గుడిలో. తీర్థానికి ఎడమచెయ్యి చాచలేను, కుడిచెయ్యి తిరగదు. ఒళ్ళంతా పక్కకు వంచి అరచేతిని గిన్నె చేయబోయాను. ఉద్ధరిణె పట్టుకుని అర్చకస్వామి ఆగారు. వెనక వరుస కూడా ఆగింది. ఒక పెద్దావిడ నాకు నడుము పట్టేసిందనుకుని భుజం పట్టుకుంది.

ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. కోణమానిని తప్పుగా ఆనించిన పిల్లలకు మార్కులు కోసిన చెయ్యి ఇది. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు, నెల్లూరు అమ్మాయి, దాదాపు అలాంటి పరికరమే నా ముంజేతికి ఆనించి "పదిహేను డిగ్రీలండీ" అంది. తొంభైకి దగ్గరగా రావాలట. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి తిప్పమంటే నేను భుజం తిప్పి ముప్పై చూపించాను. ఆ అమ్మాయి వెంటనే కనిపెట్టేసింది. మా ఎనిమిదో తరగతి వాళ్ళు ఇంతకంటే నేర్పుగా కాపీ కొడతారు.

కరిగించిన మైనంలో చెయ్యి ముంచడం, మెత్తటి ముద్ద పిసకడం. ఇంట్లో సుత్తి కనిపించక పప్పుగుత్తి పిడి పట్టుకుని, దాని బరువుకే చెయ్యి వాలేలా రోజుకు నాలుగుసార్లు సాధన. మూడు వారాలు నలభై దగ్గరే మొండికేసింది. గ్రాఫు గీసి చూసుకున్నాను, నున్నటి సరళరేఖ! ఆ కాగితం చింపేశాను.

మొన్న డెబ్బై వచ్చింది. శనివారం మళ్ళీ గుడికి వెళ్ళాను, నిటారుగానే నిలబడ్డాను. తీర్థం అరచేతిలో నిలిచింది. చిటికెనవేలి వైపు నుంచి రెండు చుక్కలు కారి చీర కుచ్చిళ్ళ మీద పడ్డాయి.