హస్త కార్తెకు లేచే ఆర్కిడ్

ఆదివారం, శ్రావణ మాసం. పొద్దున్నుంచీ మబ్బు, ఒకటే గాలి, చినుకు మాత్రం లేదు. అనంతపురంలో ఆగస్టు అంటే ఇంతే, కమ్ముకున్నంత సేపు కమ్ముకుని గాలికి కొట్టుకుపోతుంది. బట్టలు ఉతకడం, నీళ్లు పట్టుకోవడం, టిఫిన్ అన్నీ తొమ్మిదికల్లా అయిపోయాయి కాబట్టి ఎప్పటినుంచో అనుకుంటున్న పని ముందేసుకున్నాను. సెరాపియాస్ కుండీ తిరగేయడం.

సెరాపియాస్ లింగ్వా మధ్యధరా సముద్రం చుట్టూ పెరిగే ఆర్కిడ్. పోర్చుగల్, స్పెయిన్ మొదలుకొని ఇటలీ, గ్రీసు దాకా, ఇటు మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో కూడా గడ్డి నేలల్లో మొలుస్తుంది. ఆర్కిడ్ అనగానే మనవాళ్లకు బొగ్గు ముక్కల్లో పెట్టి వేలాడదీసే డెండ్రోబియంలే గుర్తొస్తాయి, ఇది అట్లా కాదు, నేలలో దుంప నుంచి లేచే రకం. బెంగళూరులో ఏళ్లుగా ఇలాంటివి పెంచుతున్న ఒక పెద్దాయన తన కుండీలో పిల్లలు పెట్టిన దుంపల్లోంచి ఒకటి తీసి నాకిచ్చారు. అడవిలోంచి తవ్వుకొచ్చిన దుంప అయితే నేను ముట్టుకునేదాన్నే కాదు. ఆర్కిడ్ల కుటుంబం మొత్తం, అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కింద ఉంది, దేశం దాటించాలంటే అనుమతి పత్రాలుండాలి, ఆ మాత్రం కట్టడి లేకపోతే ఈ మొక్కలు కొండల మీద మిగలవు.

వరండాలో గోనెసంచి పరిచి కుండీ బోర్లించాను. మట్టి పొడిపొడిగా రాలింది. వేళ్లతో మెల్లగా కెలుకుతుంటే ముందు పాత దుంప తగిలింది, దుంప అనడానికేముంది, గోధుమరంగు తోలు తిత్తి, లోపలంతా ఖాళీ. నా గుండె ఒక్క క్షణం జారింది. దాని పక్కనే కొత్త దుంప ఉంది! తెల్లగా, నున్నగా, నొక్కితే గట్టిగా, కొసన సూది మొనంత మొగ్గతో. ఇంకొంచెం దూరంలో, ఎండిపోయిన సన్నటి కాడల చివర మరో రెండు, సెంటీమీటరు కంటే కాస్త పెద్దవి. ఒకటి పెడితే మూడు! గట్టిగా అరిచేశాను, వంటింట్లోంచి అమ్మ ఏదో విరిగిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

ఈ మొక్క బతికే తీరే ఇది. చలికాలమంతా పాత దుంపలో దాచుకున్నది తింటూ ఆకులు పెంచుతుంది, ఆ ఆకులు చేసిన ఆహారంతో పక్కనే కొత్త దుంప కడుతుంది, ఎండలు ముదిరేసరికి ఆకు, కాడ, వేరు, పాత దుంప అన్నీ ఎండిపోయి కొత్త దుంప ఒక్కటే మట్టిలో నిద్రపోతుంది. అంటే పోయినేడు నేను నాటిన దుంప ఇప్పుడు లేదు, దాని బిడ్డ ఉంది. సెరాపియాస్ అయితే కాడలు సాచి అదనంగా దుంపలు పెడుతుంది. తేనెటీగ ఆకారంలో పూలు పూసే ఓఫ్రిస్ రకాలు చాలావరకు ఏడాదికి ఒక్క దుంపే కడతాయి, అదీ కుళ్లితే మొక్క పోయినట్టే. అందుకే ఆ పెద్దాయన, మొదట సెరాపియాస్‌తో చెయ్యి తిప్పుకోండి, ఓఫ్రిస్ తర్వాత చూద్దాం అన్నారు.

పది దాటాక ఉరవకొండ నుంచి నాయన వచ్చాడు, బ్యాంకు పనేదో సోమవారం ఉందట. చెప్పులు విడుస్తూనే, "ఏంది మ్మా, ఆదివారం పూట ఆ మట్టి పిసుకుతాండావు?" అన్నాడు. దుంపలు అరచేతిలో పెట్టి చూపించాను. వేసవి ముందు నుంచీ దీనికి నీళ్లే పోయలేదని చెబితే నమ్మలేదు, "నీళ్లు లేకుండా ఎట్ల బతికె ఇది?" అన్నాడు.

"మన పప్పుశనగ యాడ తాగుతాది నాయనా నీళ్లు?" అన్నాను.

కొంచెంసేపు దుంపల వంకే చూసి, "అట్లయితే ఇది రబీ పైరేలే" అన్నాడు.

ఎన్నో చదివాను కానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు. నిజంగానే ఇది రబీ పైరు. మా నల్లరేగడిలో వానలు పడి నేల పదునెక్కాక పప్పుశనగ చల్లుతారు, తర్వాత ఆ పదునుతోనే, చలికాలపు మంచుతోనే పెరిగి ఎండలు రాకముందే కోతకొస్తుంది. సెరాపియాస్ కూడా వేసవి పోయి మొదటి వానలు పడ్డాక మొలకెత్తి, చలిలో పెరిగి, పూసి, ఎండలకు పడుకుంటుంది. పరాయి దేశపు మొక్క, మన ఎండలకు ఆగదు అని ఎంతమంది అన్నారో! ఎండలకు అది పైన ఉంటే కదా.

వానల లెక్క చూసినా ఆశ్చర్యమే. ఏథెన్స్‌లో ఏడాదికి పడేది సుమారు 400 మిల్లీమీటర్లు, మనకు 550 దాకా, తేడా ఎంత పడిందన్నదాంట్లో కంటే ఎప్పుడు పడిందన్నదాంట్లో ఎక్కువ. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా దాదాపు చుక్క ఉండదు, వానంతా చలికాలంలో. మనం పడమటి కనుమల చాటున ఉండబట్టి నైరుతి మనదాకా వచ్చేసరికి గాలే మిగులుతుంది, పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఈ మొక్కకు అసలు శత్రువు వేడి ఒక్కటే కాదు, వేడీ తడీ కలిసి రావడం. నిద్రలో ఉన్న దుంపకు జులైలో తడి తగిలితే కుళ్లిపోతుంది. కోస్తాలో ఉండే మా చెల్లెలు ఇదే కుండీని ఇంట్లోకి మార్చుకోక తప్పదు, నాకు మాత్రం జల్లు పడని వరండా మూల చాలు. తరతరాలుగా మనల్ని ఏడిపించిన వాన కరువు ఒక చిన్న మొక్కకైనా మేలు చేస్తుంటే మనసుకు ఏదోలా, సంతోషంగానే ఉంది.

మన దగ్గర కష్టమంతా చలికాలంలోనే. అక్కడి రాత్రులు పది డిగ్రీల లోపుకు దిగుతాయి, మనకు జనవరిలో కూడా పదహారు, పదిహేడు. అందుకే ఆకు వచ్చాక రాత్రంతా కుండీని మిద్దె మీద ఆరుబయట పెడతాను, పదకొండు గంటల దాకా ఎండ తగలనిచ్చి తర్వాత నీడకు దించుతాను. పోయిన ఫిబ్రవరిలో ఒక్క కాడే వచ్చింది, కొన్ని పూలే, కానీ ఎంత బాగున్నాయో! పైన ఊదా రంగు ముసుగు, దాని కింద ఇటుక రంగులో నాలుక చాపినట్టు ఒక రేకు, గొట్టం లోపల ముదురు బుడిపె. తేనె మాత్రం ఉండదు. వాళ్ల ఊళ్లలో ఒంటరిగా బతికే రకాల మగ తేనెటీగలు రాత్రిపూట, చలిగాలి ఉన్నప్పుడు సెరాపియాస్ పూల గొట్టాల్లో దూరి తలదాచుకుంటాయి, పోతూ పోతూ పుప్పొడి మోసుకెళ్తాయి. మన తేనెటీగలు ఆ పూల వైపు కూడా రాలేదు, ఫర్వాలేదు, నాకు గింజలు అక్కర్లేదు.

మధ్యాహ్నం సంగటి, పుంటికూర పప్పు. తినేటప్పుడు అమ్మ, ఇట్లాంటి దుంపలు మందుల అంగట్లో చూశానే, పాలలో కలిపి తాగిస్తారు బలానికి, అంది. సాలం మిశ్రి గురించి. నిజమే, అవీ ఆర్కిడ్ దుంపలే, హిమాలయాల్లో పెరిగే వేరే రకానివి. టర్కీలో కూడా ఆర్కిస్, సెరాపియాస్ లాంటి వాటి దుంపలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి సలెప్ అని పాలలో వేసి తాగుతారు, మరాష్ పట్టణం వైపు చేసే సాగే ఐస్‌క్రీమ్‌లో కలిపేదీ అదే. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు కావాలి. తీసేది మరుసటి ఏడాదికి లేవాల్సిన కొత్త దుంప కాబట్టి తవ్విన మొక్క మళ్లీ రాదు. నా చేతిలోని మూడు దుంపల కోసం నేను పడ్డ టెన్షన్ తలచుకుంటే ఒక్కో కిలో పొడి వెనక ఎన్ని కొండవాలులు ఖాళీ అయ్యాయో అనిపించి ముద్ద దిగలేదు. అమ్మ ఇంక ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం మళ్లీ నాటాను. సన్న పొడి పోయేలా జల్లించిన పెద్ద ఇసుక, ఇటుక ముక్కల చూర, కొంచెం ఎర్రమట్టి, బాగా కుళ్లిన ఆకు ఎరువు గుప్పెడు. దానికి తోడు పాత కుండీ మట్టి కొంత కలిపాను, ఇది తప్పనిసరి అని నా నమ్మకం. ఆర్కిడ్ గింజ ధూళిలా ఉంటుంది, అందులో తిండి ఉండదు, ఏదో ఒక బూజు వచ్చి వేరులో కలిసి మేపితేనే మొలుస్తుందని 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టారు. పెద్ద మొక్కకూ ఆ బూజు తోడు మంచిదే, ఉన్నదాన్ని పారబోయడం దేనికి? నాయన వేపపిండి వెయ్యమన్నాడు, వద్దన్నాను, బలమైన ఎరువులు వీటికి పడవు. మొగ్గ పైకి ఉండేలా నాలుగు సెంటీమీటర్ల లోతున పెట్టి, పైన గరుసు పరిచాను. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అందుకే డ్రమ్ములో పట్టిన వాన నీళ్లే దీనికి.

మొదటి తడి ఎప్పుడివ్వాలని నాయన్నే అడిగాను. "ఉత్తర పోనీ, హస్త రానీ, రాత్రి దుప్పటి కప్పుకోబుద్ధయితే అప్పుడు పొయ్యి" అన్నాడు. అంటే సెప్టెంబరు ఆఖరు. అక్కడి మొక్కలు నేల పగిలి పైకొచ్చేదీ ఆ రోజుల్లోనే. అప్పటిదాకా కుండీ మీద పాత ప్లేటు బోర్లించి ఉంచుతాను, చిన్నోడు ఆడుకుంటూ మగ్గుతో నీళ్లు పోసేయకుండా. మొలక వచ్చాక కూడా ఆకుల మొదట్లో నీళ్లు నిలవకుండా అంచు వెంబడే పోయాలి.

ఒక దుంప బెంగళూరు పెద్దాయనకు కాగితంలో చుట్టి పక్కన పెట్టాను, ఇచ్చిన చేతికే ఒకటి తిరిగివ్వాలని ఉంది. రెండు నా దగ్గరుంటాయి. ఈ చలికాలం రెండూ నిలిస్తే ఓఫ్రిస్ అడుగుతాను ఆయన్ని. దానికి ఎర్రమట్టి సరిపోదు, అది సున్నపురాయి నేలలు కోరుతుంది. తాడిపత్రి వైపు బండలు కోసే చోట రాయి చూర దొరుకుతుంది కదా, వచ్చేటప్పుడు సంచిడు పట్టుకురా నాయనా అని ఇప్పుడే చెప్పి పెట్టాను.