'వెళ్లను' అన్న మర్నాడు

మన పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు ఎక్కువ ఆలోచించలేదు. మన ఫ్లయింగ్ స్కూల్లో చదివి కార్గో వైపు వెళ్లినవాళ్లం కొద్దిమందిమే. అందుకే జూనియర్లు నాకు ఫోన్ చేస్తే మాట తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తుంది. "అన్నా, రెండు కార్గో కంపెనీల నుంచి ఆఫర్ వచ్చింది. ఒకదాంట్లో జీతం ఎక్కువ. ఇంకోదాంట్లో మనుషులు బాగుంటారంటున్నారు. ఎటు పొమ్మంటావు?" ఫోన్లో ఎప్పుడూ హడావిడిగానే చెప్పాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

ముందు జీతం. జీతం లెక్క చూసుకోవడం తక్కువ బుద్ధి అని నేననుకోను. మనలో చాలామంది లైసెన్సు వెనకాల ఇంట్లోవాళ్లు చేసిన అప్పు ఉంది, దాని వాయిదా ఏ నెలా ఆగదు. పైగా జీతం చాలకపోతే సెలవు రోజున కూడా ఓవర్‌టైమ్ ట్రిప్పు ఒప్పుకుంటాం. అలా ఒప్పుకున్న ట్రిప్పుల్లోనే అలసట పేరుకుంటుంది. కాబట్టి మంచి జీతం భద్రతకీ పనికొస్తుంది.

అయితే ఆఫర్ లెటర్లో పెద్ద అక్షరాలతో కనిపించే గంట రేటు జీతం కాదు. నెలకి ఎన్ని గంటలకి గ్యారంటీ ఇస్తున్నారో చూడాలి. ఒక కంపెనీ గంటకి 100 ఇస్తూ 62 గంటలకి గ్యారంటీ ఇస్తోందనుకోండి, నెలకి 6,200. ఇంకో కంపెనీ గంటకి 85 మాత్రమే ఇస్తుంది, కానీ గ్యారంటీ 75 గంటలు. నెలకి 6,375. తక్కువ రేటు కంపెనీయే ఎక్కువ ఇస్తోందన్నమాట. ఇప్పుడు ఇంటికి దూరంగా గడిపే రోజులు చూడండి. మొదటిదాంట్లో నెలకి 17 రోజులు, రెండోదాంట్లో 13 రోజులు అనుకుంటే, ఇల్లు వదిలిన ఒక్కో రోజుకి మొదటి కంపెనీ ఇచ్చేది దాదాపు 365, రెండోది 490. ఈ లెక్క వేయడానికి అయిదు నిమిషాలు చాలు. సంతకం పెట్టేముందు దాన్ని వేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఇంకొకటి, డ్యూటీ ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి. విమానాన్ని సిబ్బందితో సహా అద్దెకిచ్చే ఏసీఎంఐ కంపెనీల్లో కొన్ని, మన ఇంటి దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచే టికెట్ కొని పంపుతాయి. ఆ ప్రయాణం డ్యూటీ లెక్కలోకి వస్తుంది. మిగతాచోట్ల బేస్‌కి, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరికి, చేరుకోవడం మన పూచీ. జంప్‌సీట్ (వేరే విమానంలో సిబ్బంది కోసం ఉండే అదనపు సీటు) ఖాళీ ఉందో లేదో అని టెన్షన్ పడుతూ, సెలవు రోజు పోగొట్టుకుని వెళ్లాలి. ఆ రోజులకి జీతం ఉండదు. ట్రైనింగ్ బాండ్, పెర్ డీయమ్ (రోజువారీ భత్యం), రిటైర్మెంట్ డబ్బు గురించి అందరూ ఎలాగూ అడుగుతారు కాబట్టి వాటి జోలికి పోను. సీనియారిటీ గురించి మాత్రం ఒక్క మాట. కంపెనీ మారితే సీనియారిటీ నంబరు మనతో రాదు, మళ్లీ లిస్టు అడుగునుంచి మొదలుపెట్టాలి. అందుకని మొదటి ఏడాది జీతం కంటే అయిదో ఏడాది మీ రోస్టర్ ఎలా ఉంటుందన్నది పెద్ద విషయం.

ఇక వాతావరణం. ఈ మాట అనగానే చీఫ్ పైలట్ నవ్వుతూ పలకరిస్తాడా, పేరు పెట్టి పిలుస్తాడా అని చూస్తారు. అవీ బాగుంటే మంచిదే. నేను మాత్రం చూసేది ఒక్కటే. ఆ కంపెనీలో పైలట్ "నేను అలసిపోయాను, వెళ్లను" అంటే, మర్నాడు అతనికి ఏమవుతుంది? రాత్రి ఫోన్లో అందరూ మర్యాదగానే మాట్లాడతారు. కంపెనీ ఎలాంటిదో తెలిసేది మర్నాడే.

ఈ ఆలోచన నాకు కార్గోలో పుట్టింది కాదు, మన స్కూల్లోనే పుట్టింది. బ్రీఫింగ్ గదిలో తెల్ల బోర్డు గుర్తుందా? పొద్దున్నే దాని మీద విద్యార్థి పేరు, విమానం, టైము రాసి ఉండేవి. ఎవరికైనా ఆ రోజు ఎగరడం మంచిది కాదనిపిస్తే, పక్కన దారానికి వేలాడే డస్టర్ తీసుకుని తన పేరు తుడిచేసుకోవచ్చు. నిద్ర చాల్లేదు, జలుబు చేసింది, మబ్బు నచ్చలేదు, ఏదైనా సరే. మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సార్ ఖాళీ అయిన గడి చూసి, కింద పేరున్నవాణ్ణి పైకి జరిపేవారు. ఎందుకని అడిగేవారు కాదు. సాయంత్రం అదే విద్యార్థి ఎదురుపడితే మామూలుగా పలకరించేవారు. మర్నాడు అతని పేరు మళ్లీ బోర్డు మీద మొదటి వరసలోనే ఉండేది. ఆ వయసులో అది గొప్ప విషయమని మాకు తోచలేదు, అన్నిచోట్లా ఇలాగే ఉంటుందనుకున్నాం. ఉండదని నాకు మొదటి ఉద్యోగంలో తెలిసింది.

అక్కడ ఒక రాత్రి మూడు దాటాక సరుకు ఆలస్యమై, ఇంకో లెగ్ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక ప్రయాణం) అదనంగా వెళ్లమన్నారు. మా కెప్టెన్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన రేడియో ఫ్రీక్వెన్సీ ఒకటి రెండుసార్లు తప్పు తిప్పి ఉన్నారు, నేను చెక్‌లిస్ట్‌లో ఒకే వరస మళ్లీ చదివాను. ఆయన ఫోన్ తీసి, "ఇద్దరం అలసిపోయాం, ఇక్కడితో ఆపేస్తున్నాం" అన్నారు. అవతల నుంచి "సరే సార్" అన్నారు. మర్నాడు ఆఫీసు నుంచి ఆయనకి మూడు ఫోన్లు వచ్చాయి. ముందు రోజు ఎన్ని గంటలకి పడుకున్నారు, ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు అని. ఆ ఆగిన సమయాన్ని సిక్ లీవ్‌లో కోసేశారు. వచ్చే నెల రోస్టర్లో ఆయనకి రాత్రి, పగలు, మళ్లీ రాత్రి తిరగబడే ట్రిప్పులే పడ్డాయి. ఎవరూ ఒక్క గట్టి మాట అనలేదు. ఆ తర్వాత మా బేస్‌లో ఎవరూ అలా ఫోన్ చేయలేదు.

తర్వాత నేను చేరిన కంపెనీలో గంట రేటు తక్కువ. అక్కడా ఒకసారి అలాంటి రాత్రే వచ్చింది. డ్యూటీ మేనేజర్ "హోటల్ పేరు మెసేజ్ చేస్తాను, వ్యాన్ పది నిమిషాల్లో వస్తుంది" అన్నాడు. మర్నాడు నేను ఒక పేజీ ఫారం నింపాను. జీతం కోయలేదు. ఆ ట్రిప్పు మీద అలాంటి ఫారాలు చాలా వచ్చాయని కొన్నాళ్లకి దాని వేళలే మార్చారు. ఫారం వెళ్లింది పైలట్ల యూనియన్ ప్రతినిధి కూడా కూర్చునే కమిటీకి.

కార్గోలో దీనికి ఇంత విలువ ఎందుకంటే, చట్టం మనల్ని కాపాడేది తక్కువ. అమెరికాలో 2009లో బఫెలో దగ్గర కోల్గన్ కంపెనీ ప్రయాణికుల విమానం కూలాక డ్యూటీ నిబంధనలు కొత్తగా రాశారు. అవి 2014 జనవరిలో అమల్లోకి వచ్చాయి, కానీ ప్రయాణికుల విమానాలకే. పూర్తి కార్గో కంపెనీలకి మినహాయింపు ఇచ్చారు, ఇష్టమైతే పాటించవచ్చన్నారు. అర్ధరాత్రి తర్వాత డ్యూటీ మొదలుపెట్టే ఇద్దరు పైలట్లకి ప్రయాణికుల వైపు పరిమితి 9 గంటలైతే, కార్గోలో పాత సప్లిమెంటల్ నిబంధన కింద 16 గంటల దాకా డ్యూటీలో ఉంచవచ్చు. ప్రయాణికులైనా పెట్టెలైనా, తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య పైలట్ ఒంటికి నిద్ర ఒకేలా వస్తుంది. ఆ తేడాని పూడ్చేది కంపెనీ సొంత నిబంధన, లేదా యూనియన్ ఒప్పందం. రెండూ లేనిచోట పూడ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఆ నిబంధనలు అమల్లోకి రావడానికి కొన్ని నెలల ముందు, 2013 ఆగస్టు 14 తెల్లవారకముందే, యూపీఎస్ 1354 అనే కార్గో విమానం అమెరికాలోని బర్మింగ్‌హామ్ రన్‌వేకి ముందే నేలని తాకింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. బయలుదేరే ముందు కాక్‌పిట్‌లో వాళ్లు అలసట గురించి, కార్గోకి వేరే విశ్రాంతి నిబంధనల గురించి మాట్లాడుకున్న మాటలు రికార్డర్లో ఉన్నాయి. అప్రోచ్, అంటే దిగడానికి రన్‌వే వైపు రావడం, స్థిరంగా లేకపోయినా కొనసాగించడం ప్రధాన కారణమని, అలసట కూడా తోడైందని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. సెలవు సమయాన్ని నిద్రకి సరిగ్గా వాడుకోకపోవడాన్నీ చెప్పింది. అంటే బాధ్యత మన వైపు కూడా ఉంది. ఆ నివేదిక చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, వాళ్లు మాట్లాడుకున్న మాటలు మేమూ ఎన్నో రాత్రులు మాట్లాడుకున్నవే.

క్యూబాలోని గ్వాంటనమో బేలో 1993 ఆగస్టు 18న కూలిన డీసీ-8 కార్గో విమానం సంగతి జూనియర్లు తప్పకుండా చదవాలి. రాత్రంతా ఎగిరి పొద్దున డ్యూటీ ముగిసిందనుకున్న సిబ్బందికి మరో ట్రిప్పు అంటగట్టారు. సరుకు దించాక ఖాళీ విమానంతో తిరిగి రావాలి, ఆ ఖాళీ ప్రయాణం డ్యూటీ పరిమితి లెక్కలోకి రాదు. అందుకే కాగితం మీద అంతా చట్టబద్ధంగానే ఉంది. కూలే సమయానికి కెప్టెన్ నిద్ర లేకుండా 23 గంటలు దాటింది. ముగ్గురూ బతకడం అదృష్టం. అలసటని ప్రమాదానికి కారణంగా ఎన్‌టీఎస్‌బీ నేరుగా పేర్కొన్న మొదటి విమాన ప్రమాదం అదే. చట్టం ఒప్పుకుంది కదా అని కంపెనీ ఒప్పుకోవాలని లేదు. చివర్లో ఖాళీ లెగ్ తగిలించే అలవాటు మీకుందా అని ఇంటర్వ్యూలో ధైర్యంగా అడగండి.

2004 అక్టోబరులో కెనడాలోని హాలిఫాక్స్‌లో ఎంకే ఎయిర్‌లైన్స్ 747 కార్గో విమానం టేకాఫ్‌లోనే కూలి ఏడుగురు పోయారు. టేకాఫ్ లెక్కలు వేసే లాప్‌టాప్‌లో అంతకుముందు టేకాఫ్ బరువే ఉండిపోయి, ఇంజన్ల థ్రస్ట్ (తోసే బలం) చాలకుండా పరిగెత్తింది. దాని వెనకాల కెనడా దర్యాప్తు సంస్థ చూపించినవి మనకి ఇంకా ముఖ్యం. వేగంగా పెరుగుతున్న కంపెనీ, చాలినంతమంది లేని సిబ్బంది, 20 నుంచి 24 గంటలకి పెంచిన డ్యూటీ పరిమితి. వేగంగా పెరిగే కంపెనీ అంటే తొందరగా కెప్టెన్ అవుతామని ఎగబడతాం. ఆ పెరుగుదలకి సరిపడా మనుషుల్ని తీసుకుంటున్నారా అని కూడా కనుక్కోవాలి.

ఇంకో సంగతి. మంచి వాతావరణం ఒక్క మంచి మనిషి మీద ఆధారపడి ఉంటే దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి. మంచి చీఫ్ పైలట్ వెళ్లిపోయాక ఏడాది తిరక్కుండా బేస్ మొత్తం మారిపోవడం కళ్లారా చూశాను. కాగితం మీద ఉన్నది అంత తొందరగా మారదు. ఫెటీగ్ కాల్ (అలసిపోయాను, వెళ్లనని చెప్పే ఫోన్) చేస్తే జీతం ఇస్తారా, సిక్ లీవ్ కోస్తారా, నిర్ణయించేది ఎవరు అన్నది ఒప్పందంలోనో మాన్యువల్లోనో రాసి ఉందా? ఉంటే ఆ పేజీ అడిగి చదవండి.

వివరాలు ఎవరినడగాలంటే, రిక్రూటర్‌ని కాదు. అక్కడ చేరి ఒకటి రెండేళ్లయిన ఫస్ట్ ఆఫీసర్లని, అంటే కో-పైలట్లని, అడగండి. వాళ్లకి కష్టం ఇంకా కొత్త, దాన్ని సమర్థించుకునే అలవాటు రాలేదు. వీలైతే మెకానిక్‌లనీ, సరుకు ఎక్కించి కట్టించే లోడ్‌మాస్టర్‌లనీ కదిలించండి. చిన్న రిపేర్లు వాయిదా వేయమని వాళ్ల మీద ఒత్తిడి ఉందో లేదో వాళ్లే చెబుతారు. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో నేషనల్ ఎయిర్‌లైన్స్ 747లో కట్టిన సైనిక వాహనాలు జారి వెనక్కి దూసుకుపోయి, విమానం లేచిన కొద్దిసేపటికే కూలింది. ఏడుగురు పోయారు. వాటిని కట్టే పద్ధతులే సరిగ్గా లేవని దర్యాప్తు చెప్పింది. మన ప్రాణం లోడింగ్ చేసేవాళ్ల చేతుల్లో ఉంటుంది, వాళ్లని కంపెనీ ఎలా చూస్తుందో అది మనకీ వర్తిస్తుంది.

మా బ్యాచ్‌లో నాకు బాగా దగ్గరి మిత్రుడు జీతం చూసే కంపెనీ ఎంచుకున్నాడు. అప్పు తీరాలి, ఇల్లు హబ్‌కి (కంపెనీ ప్రధాన ఎయిర్‌పోర్టుకి) దగ్గర, ప్రయాణం బాధ లేదు. అతని విషయంలో అది సరైన నిర్ణయమే, ఇప్పటికీ అదే అంటాను. అయితే చేరేముందు అతను ఫెటీగ్ పాలసీ కాగితం తెప్పించుకుని నాకు చూపించాడు. అందులో జీతం కోయం అని స్పష్టంగా ఉంది.

ఈ మధ్య మన స్కూలు చెల్లెలు ఒకామె ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న రాసిచ్చాను. "మీ దగ్గర చివరిసారి ఫెటీగ్ కాల్ చేసిన పైలట్‌కి తర్వాత ఏం జరిగింది?" రెండు కంపెనీలకీ అదే అడిగింది. ఒకరు "మా దగ్గర అలాంటి సమస్య ఎప్పుడూ రాలేదు" అన్నారట. రాత్రంతా విమానాలు నడిపే కంపెనీలో ఎవరూ ఎప్పుడూ అలసిపోలేదంటే ఆ జవాబుని నేను నమ్మను, ఆమె కూడా నమ్మలేదు. రెండోవాళ్లు మాన్యువల్ పేజీ పంపి, పోయిన ఏడాది ఎన్ని కాల్స్ వచ్చాయో, వాటి వల్ల ఏ ట్రిప్పులు మార్చారో చెప్పారు. ఆమె అక్కడే చేరబోతోంది. బేస్ మాత్రం ఇంటికి చాలా దూరం, జంప్‌సీట్ మీద ఆధారపడి ఎంతకాలం తిరగగలనన్న బెంగ ఆమెకింకా ఉంది. ఆ రూట్లో తిరుగుతున్నవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో ఎవరైనా ఉంటే దయచేసి ఆమెతో మాట్లాడండి. సంచిక కమిటీ దగ్గర నా నంబరు ఉంది, నేను కలుపుతాను.