సెక్షన్ల జాబితా వచ్చిన రోజు

నిన్నటి వీకెండ్ పరీక్ష మార్కులు పొద్దున్నే నోటీసు బోర్డెక్కాయి. పక్కనే సెక్షన్ల మార్పు జాబితా. ఫస్టు పీరియడుకు బైపీసీ పై సెక్షన్‌లోకి వెళ్తే మూడో వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి ఏదని ఎవరూ అడగలేదు. పిల్లలకు ఇది అలవాటైపోయింది.

మధ్యాహ్నం కింది సెక్షన్‌లో కనిపించింది. నోటుపుస్తకాలన్నీ ముందు పేర్చుకుని, లేబుళ్ల మీద పాత సెక్షన్ అక్షరాన్ని గోటితో గీకేస్తోంది. కాగితం చిరిగిన చోటే కొత్త అక్షరం దిద్దుతోంది.

"అన్నం తిన్నావామ్మా?"

"ఆకలి లేదు మేడమ్. నాన్నకు మార్కుల మెసేజ్ వెళ్లిపోయి ఉంటుంది."

ఈ పిల్లలకు చదవాలంటే భయం లేదు. తెల్లవారక ముందే లేచి, రాత్రి పది దాకా కూర్చునే ఓపిక ఉంది. నీ స్థాయి ఇదీ అని వారం వారం నలుగురూ చూసేలా గోడకు అంటించడమే వీళ్లను లోలోపల తినేస్తోంది.

మార్కులను బట్టి పిల్లలను వీలైనంత వరకు బ్యాచ్‌లుగా విడదీయవద్దని సుప్రీంకోర్టు 2025 జులై 25న చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ పిల్లల మనసు కష్టం విని సలహా చెప్పే, అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలనీ చెప్పింది. ఆ తీర్పు ఎక్కడి నుంచో వచ్చింది కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి పోరాడితే వచ్చింది. అది తలచుకుంటే మా నోటీసు బోర్డు వంక చూడబుద్ధి కాదు.

సాయంత్రం స్టడీ అవర్‌లో బోర్డు మీద 14416 అని పెద్దగా రాశాను. టెలీ మానస్ సహాయ ఫోను నంబరు అది, ప్రభుత్వానిదే. మనసు బాగోలేనప్పుడు ఏ వేళప్పుడైనా చేయవచ్చు, డబ్బులు పడవు అని చెప్పాను.

"తెలుగులో మాట్లాడతారా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. మాట్లాడతారన్నాను.

"మరి ఫోను?" అంది వెనక నుంచి ఇంకొకమ్మాయి.

న్యాయమైన ప్రశ్న. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. ఉన్న ఒక్క ఫోనూ వార్డెన్ బల్ల మీద ఉంటుంది, దాని ముందు ఎప్పుడూ వరుస. వెనక పదిమంది నిలబడి వింటుంటే ఏ పిల్ల నోరు విప్పి "నాకు బతకాలని లేదు" అనగలదు?

స్టడీ అవర్ అయ్యాక ఆ అమ్మాయి నాన్నగారికి నేనే ఫోన్ చేశాను. "మీ అమ్మాయి మధ్యాహ్నం అన్నం తినలేదండీ. మార్కుల మాట ఈ రోజుకు ఎత్తకండి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆదివారం వచ్చి చూడనిస్తారా అమ్మా?"

"ఆదివారం దాకా ఎందుకండీ, రేపే రండి. అవుటింగ్ చీటీ మీద నేను సంతకం చేయిస్తాను."

రేపు ప్రిన్సిపల్‌ గారిని రెండు అడగాలి. కౌన్సిలర్ సంగతి ఒకటి. "లెక్చరర్లు ఉన్నారు కదా" అంటే ఈసారి తీర్పు ప్రతి చేతిలో పెడతాను. రెండోది, మెట్ల పక్కన పాత రికార్డులు పడేసిన చిన్న గది. ఫోను అక్కడికి మార్చాలి, ఆ గదికి లోపలి గడియ ఉండకపోయినా తలుపు వేసుకునే వీలుండాలి.