తల దాచుకోలేని హంతకుడు

నమ్మించి గొంతు కోయడం అన్న మాటలో రెండు పనులున్నాయి. మొదటిది నమ్మించడం, దానికి కాలం పడుతుంది. రెండోది గొంతు కోయడం, అది క్షణంలో ముగుస్తుంది. 2007లో వచ్చిన ‘హిట్‌మ్యాన్’ సినిమాను మొన్న రాత్రి మూడోసారి చూస్తున్నప్పుడు, ఇందులో రెండో పని ఉంది గానీ మొదటిది ఎక్కడా లేదని తోచింది. అంతంతమాత్రపు సినిమాను మూడుసార్లు ఎందుకు చూశావని అడిగితే నా దగ్గర గౌరవప్రదమైన జవాబేమీ లేదు. సొంతవాళ్లే తరుముతుండగా ఒంటరిగా పారిపోయే కిరాయి హంతకుడి కథ ఎంత నాసిగా ఉన్నా మధ్యలో వదిలేసి నిద్రపోవడం నాకు చేతకాదు.

డెన్మార్క్‌కు చెందిన ఐఓ ఇంటరాక్టివ్ 2000లో మొదలుపెట్టిన వీడియో గేమ్‌ల వరుస ఈ సినిమాకు ఆధారం. దర్శకుడు గ్జావియే జాన్స్. పేరుకు బదులు 47 అన్న అంకె మాత్రమే ఉన్న హంతకుడిగా టిమొతీ ఓలిఫాంట్ నటించాడు. రష్యా అధ్యక్షుడిని నలుగురూ చూస్తుండగా చంపమని అతడు పనిచేసే సంస్థ అతడికి పని అప్పగిస్తుంది. అతడు గురి చూసి కాలుస్తాడు, ఆ మనిషి కూలిపోతాడు. కాసేపటికి టీవీ చూస్తే అదే అధ్యక్షుడు చిన్న గాయంతో బయటపడ్డానని చెబుతూ కనిపిస్తాడు.

సినిమా మొత్తంలో నిజంగా మంచి ఆలోచన ఇదొక్కటే. తన తూటా ఎక్కడ తగిలిందో 47కు తెలుసు, కానీ చచ్చినవాడు టీవీలో మాట్లాడుతున్నాడు. అసలు అధ్యక్షుడిని చంపించి అతడి పోలికలున్న మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లకు, గురి తప్పలేదని రూఢిగా తెలిసిన ఒకే ఒక్క సాక్షి ఆ కాల్చినవాడే. అంటే అతడి ప్రాణం మీదికి వచ్చింది పని చెడగొట్టినందుకు కాదు, చక్కగా చేసినందుకు. పనిమంతుడికి ఇంతకంటే ఘోరమైన అవమానం ఉండదు, కథ రాసేవాడికి ఇంతకంటే మంచి సరుకూ దొరకదు. తన కళ్లను నమ్మాలా, టీవీని నమ్మాలా అన్న ఆ సందిగ్ధంలో అతడిని ఒక అరగంట ఉంచగలిగితే ఈ సినిమా స్థాయే వేరుగా ఉండేది. కానీ పోలీసులు హోటల్ తలుపులు బద్దలు కొట్టే సన్నివేశం కోసం దర్శకుడు తొందరపడ్డాడు.

ఇక అతడిని బలి ఇచ్చిన సంస్థ సంగతి. చిన్నప్పటి నుంచి పెంచి, గుండు గీసి, మెడ వెనుక బార్‌కోడ్ పొడిచి, చంపడం నేర్పించిన సంస్థ అది. అతడికి తల్లీ తండ్రీ ఊరూ అన్నీ అదే అయి ఉండాలి. అయితే ఆ పెంపకమంతా టైటిళ్ల వెనుక గబగబా జరిగిపోతుంది, ఆ తర్వాత మనకు మిగిలేది ల్యాప్‌టాప్‌లోంచి వినిపించే ఒక ఆడ గొంతు మాత్రమే. అటువంటి సంస్థ అతడిని వదిలించుకుంటే మనసులో కలుక్కుమనేదేమీ ఉండదు, ఉద్యోగం పోయిన మనిషిని చూసినట్టు మాత్రం ఉంటుంది. ఇది చాలదన్నట్టు, అంతా ముగిసిన తర్వాత ఇంటర్‌పోల్ అధికారి ఇంట్లో 47 తాపీగా కూర్చుని మాట్లాడుతున్న సన్నివేశంతో సినిమా మొదలవుతుంది కాబట్టి, అతడు బతుకుతాడా లేదా అన్న ఆదుర్దా కూడా మనకు మిగలదు.

పారిపోవడానికీ ముందు జరగవలసిన పని ఒకటి ఉంది, అది తల దాచుకోవడం. దాచుకోవలసిన తలేమో నున్నగా మెరుస్తూ, వెనుక బార్‌కోడ్‌తో, నల్ల సూటుకూ ఎర్ర టైకీ పైన నిలబడి వీధి అవతలికి కూడా కనబడుతుంది. గేమ్‌లో ఈ వేషానికి ఒక అర్థముంది: అక్కడ 47 వంటవాడి బట్టల్లోనో కాపలావాడి బట్టల్లోనో దూరిపోయి, లక్ష్యాన్ని తప్ప దాదాపు ఇంకెవరినీ చంపకుండా గుట్టుగా బయటపడితేనే ‘సైలెంట్ అసాసిన్’ అన్న మెచ్చుకోలు దక్కుతుంది. సినిమాలో అతడు కిటికీ బద్దలు కొట్టుకుని ఒక హోటల్ గదిలో పడితే, అక్కడి పిల్లలు ఆడుకుంటున్నది ఈ గేమే. అది చూసి నేనూ నవ్వాను గానీ, ఆ పిల్లలు ఆడుతున్న ఆటకే ఎక్కువ ఓర్పు ఉందని వెంటనే అనిపించింది. మరో చోట తనలాంటి హంతకులతో తుపాకులు ఎక్కుపెట్టుకుని నిలబడ్డ 47, మర్యాదగా చద్దామని ప్రతిపాదిస్తాడు. అందరూ తుపాకులు పక్కనపెట్టి కోటుల్లోంచి కత్తులు దూస్తారు. ఆ కత్తులు అన్నాళ్లూ ఏ కోటులో ఎలా ఇమిడాయో అడగకూడదు.

ఇదే కథను మౌనంగా చెప్పిన సినిమా 1967లోనే ఉంది: ఫ్రెంచ్ దర్శకుడు జాఁ-పియెర్ మెల్విల్ తీసిన ‘ల సమురాయ్’. అందులో అలాఁ దెలోఁ పాత్రకూ తనకు పని ఇచ్చినవాళ్లెవరో సరిగ్గా తెలియదు, నమ్మకమంతా ఒప్పందం మీదే. అతడు ఆ ఒప్పందాన్ని ఎంత శ్రద్ధగా నిలబెట్టుకున్నాడో, చోటుకు చోటు, గంటకు గంట సాక్ష్యం ఎలా అల్లుకున్నాడో మనం చూసి ఉంటాం కాబట్టి, డబ్బు ఇస్తానని వచ్చినవాడు రైలు పట్టాల మీది వంతెనపై తుపాకీ తీసినప్పుడు మనకూ మండుతుంది. అతడి గదిలో పంజరంలో ఒక పిట్ట ఉంటుంది. ఒకరోజు అతడు తిరిగి వచ్చేసరికి పిట్ట కంగారుగా రెక్కలు కొట్టుకుంటుంటుంది, ఈకలు రాలి ఉంటాయి. అంతే, తను లేనప్పుడు ఎవరో లోపలికి వచ్చారని గ్రహించి, పోలీసులు దాచిన మైకు కోసం వెతకడం మొదలుపెడతాడు. ఒక్క తూటా పేలకపోయినా వేట ఎంత దగ్గరికి వచ్చిందో ఆ పిట్ట చెబుతుంది.

ఓలిఫాంట్‌ను మాత్రం నేను తప్పుపట్టను. 47 తన వెంట తీసుకెళ్లే అమ్మాయి నీకా (ఓల్గా కురిలెంకో) చొరవగా దగ్గరికి వస్తే, ఏం చేయాలో తోచక ఆమెకు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చే సన్నివేశంలో అతడి ముఖాన కనిపించే ఇబ్బంది, ఆ పాత్రకు ఎవరూ రాయని బాల్యాన్ని కాస్త ఊహించుకోనిస్తుంది. 2015లో మరో నటుడితో మళ్లీ ఈ కథ జోలికి వెళ్లారు, అది ఇంతకంటే చప్పగా ఉంది.

చివర నీకాకు ఒక కవరు అందుతుంది, అందులో ఆమె చిన్నప్పుడు కోరుకున్న ద్రాక్షతోట కాగితాలుంటాయి. ఆమె చుట్టూ వెతుక్కుంటూ చూస్తుంది. ఎక్కడో దూరంగా, తుపాకీ దుర్బిణిలోంచి 47 ఆమెను చూస్తూ ఉంటాడు, ఆమెకు మాత్రం కనబడడు. దాక్కోవడం అతడికి వచ్చునని సినిమాకు అప్పుడు గుర్తొచ్చింది, మరుక్షణమే పేర్లు పడ్డాయి.